రోమ్ నుంచి ప్యారిస్ దాకా: రైలు, అద్దె కారు కలిపి యూరప్ ట్రిప్ ప్లాన్ చేసుకోవడం ఎలా?

"యూరప్ వెళ్తున్నాం. రైలు పాస్ కొనమంటారా, కారు తీసుకోమంటారా?" అని అడిగేవాళ్లకి నేను ఎదురు ఒకటే ప్రశ్న వేస్తాను: ఏ ఊరి నుంచి ఏ ఊరికి? ట్రిప్ మొత్తానికి సరిపోయే జవాబంటూ ఉండదు. పెద్ద నగరాల మధ్య రైలుని మించింది లేదు. అదే నగరంలో కారు ఉంటే నెత్తి మీద బరువే. రైలు వెళ్లని పల్లెల్లోనేమో కారు లేకపోతే రోజుకి ఒక ఊరు చూడటం కూడా కష్టం. కాబట్టి ఒక్కో మజిలీకి విడిగా తేల్చుకోవాలి.

మాటల్లో చెబితే గాల్లో ఉంటుంది కాబట్టి ఒక అసలైన రూట్ పట్టుకుని చెబుతాను. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, 14 రాత్రులు. ఇటలీలో దిగి, స్విట్జర్లాండ్ మీదుగా, ప్యారిస్ నుంచి తిరుగు ప్రయాణం.

1. ముందు రూట్, తర్వాతే టికెట్లు

మా ఉదాహరణ ఇదీ:

- రోమ్: 3 రాత్రులు (శుక్ర, శని, ఆది)
- ఫ్లోరెన్స్: 2 రాత్రులు (సోమ, మంగళ)
- సియెనా దగ్గర పల్లె: 3 రాత్రులు (బుధ, గురు, శుక్ర), ఇక్కడ మాత్రమే కారు
- లూసర్న్ (స్విట్జర్లాండ్): 3 రాత్రులు (శని, ఆది, సోమ)
- ప్యారిస్: 3 రాత్రులు (మంగళ, బుధ, గురు), శుక్రవారం ఫ్లైట్

వారాలతో సహా ఎందుకు రాశానంటే, సెలవు రోజులు చూసుకోకుండా ప్లాన్ వేస్తే మ్యూజియం గేటు దాకా వెళ్లి వెనక్కి రావాల్సి వస్తుంది. వాటికన్ మ్యూజియంలు నెలలో చివరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు మూసి ఉంటాయి. ఫ్లోరెన్స్‌లో ఉఫిజీ గ్యాలరీకి సోమవారం సెలవు, ప్యారిస్‌లో లూవ్ర్‌కి మంగళవారం సెలవు. శుక్రవారం రోమ్‌లో దిగితే వాటికన్ శనివారం, ఉఫిజీ మంగళవారం, లూవ్ర్ బుధవారం చక్కగా కుదురుతాయి.

ఊరు మారిన ప్రతిసారీ సగం రోజు పోతుంది. సామాను సర్దడం, చెక్-అవుట్, స్టేషన్, ప్రయాణం, కొత్త హోటల్ వెతుక్కోవడం, ఇవన్నీ కలిపి. 14 రాత్రులకి ఐదు మజిలీలు దాటొద్దు. "మరి వెనిస్ వదిలేశారేంటి?" అని అందరూ అడుగుతారు. వెనిస్ కావాలంటే పల్లె మజిలీ తీసేసి పెట్టుకోండి, బాగుంటుంది. రెండూ ఇరికిస్తే మాత్రం పిల్లలు మూడో రోజుకే నీరసపడిపోతారు.

ఫ్లైట్ వెతికేటప్పుడు 'రౌండ్ ట్రిప్' కాకుండా 'మల్టీ సిటీ' నొక్కండి. హైదరాబాద్ నుంచి రోమ్, ప్యారిస్ నుంచి హైదరాబాద్. రోమ్‌కే తిరిగి రావాలని పెట్టుకుంటే చివర్లో ఒక రోజు, ఒక ప్రయాణం ఖర్చు దండగ.

2. వీసా: రాత్రులు లెక్కపెట్టండి

షెంగెన్ వీసాకి (ఈ మూడు దేశాలతో సహా యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా) ఎక్కువ రాత్రులు ఉండే దేశానికి దరఖాస్తు చేయాలి. మన లెక్కలో ఇటలీ 8, స్విట్జర్లాండ్ 3, ఫ్రాన్స్ 3. కాబట్టి ఇటలీ. రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశం. అపాయింట్‌మెంట్ తొందరగా దొరుకుతోందని తక్కువ రాత్రులున్న దేశానికి వేయడం చాలామంది చేసే పొరపాటు. రిజెక్ట్ అవడానికి అదొక్కటే చాలు.

- ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. కనీసం 15 రోజుల ముందు వేయాలి. నా సలహా మూడు నాలుగు నెలల ముందే.
- ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్లలోపు పిల్లలకి 45 యూరోలు. సర్వీస్ చార్జీలు అదనం.
- ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోల కవరేజీతో ఉండాలి.
- తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం 3 నెలలు పాస్‌పోర్ట్ చెల్లుబాటులో ఉండాలి. రెండు ఖాళీ పేజీలు కావాలి. అది గత పదేళ్లలో ఇచ్చిందై ఉండాలి.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉంటున్న మనవాళ్లు ఇండియన్ పాస్‌పోర్ట్ మీద వెళ్తుంటే, ఉంటున్న దేశం నుంచే దరఖాస్తు చేసుకోవాలి.

2025 అక్టోబర్ 12న మొదలైన కొత్త పద్ధతి ప్రకారం షెంగెన్ సరిహద్దులో మొదటిసారి ఫోటో తీసుకుని, వివరాలు నమోదు చేస్తున్నారు. క్యూ ఎంతసేపు పడుతుందో చెప్పలేం. అందుకే దిగిన రోజు రోమ్ దాటి వెళ్లే రైలేదీ పెట్టుకోకండి. ఎయిర్‌పోర్ట్ నుంచి టెర్మినీ స్టేషన్‌కి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ 32 నిమిషాల్లో చేరుస్తుంది. ఆ రోజుకి అది చాలు.

3. ఏది ముందు బుక్ చేయాలి?

ఈ వరుస తప్పితే డబ్బు పోతుంది. చౌక రైలు టికెట్లకి రీఫండ్ ఉండదు. వీసా రాకముందే అవి కొనేసి, తర్వాత తేదీ మారిస్తే మొత్తం నష్టం.

- మొదట ఫ్లైట్ తేదీలు ఖాయం చేసుకోవడం
- ఉచితంగా క్యాన్సిల్ చేసుకునే వీలున్న హోటళ్లు
- ఉచిత క్యాన్సిలేషన్ ఉన్న అద్దె కారు (ముఖ్యంగా ఆటోమేటిక్ కావాలంటే)
- వీసా
- వీసా చేతికొచ్చాక హైస్పీడ్ రైళ్లు
- 30 రోజుల ముందు కొలోసియం టికెట్లు. ఇవి పేరు మీద ఇస్తారు, గేటు దగ్గర పాస్‌పోర్ట్ చూపించాలి.

హోటళ్ల గురించి రెండు మాటలు. రైలు మజిలీల్లో స్టేషన్‌కి నడిచి వెళ్లగలిగే దూరంలో తీసుకోండి. కారు మజిలీలో ఊరి బయట, సొంత పార్కింగ్ ఉన్న చోట తీసుకోండి. ఇటలీలో వాటిని అగ్రితురిజ్మో అంటారు, పొలాల మధ్య ఇళ్లు. వంటగది ఉన్నది చూసుకుంటే అన్నం వండుకోవచ్చు.

4. రైళ్లు: పాస్ కావాలా, విడి టికెట్లా?

ముందు పొడవైన ప్రయాణాలు లెక్కపెట్టండి. మన రూట్‌లో మూడే: రోమ్-ఫ్లోరెన్స్, ఫ్లోరెన్స్-మిలాన్-లూసర్న్, లూసర్న్-బాసెల్-ప్యారిస్. దీనికి యూరైల్ పాస్ (చాలా దేశాల రైళ్లకి కలిపి ఒకే పాస్) అక్కర్లేదు. పాస్ ఉన్నా ఇటలీ, ఫ్రాన్స్ హైస్పీడ్ రైళ్లలో సీటు రిజర్వేషన్‌కి విడిగా డబ్బు కట్టాల్సిందే. ఏడెనిమిది పొడవైన ప్రయాణాలు ఉండి, ఏ రోజు కదులుతారో తేలనివాళ్లకి పాస్ పనికొస్తుంది.

రోమ్-ఫ్లోరెన్స్ గంటన్నర. ఫ్లోరెన్స్-మిలాన్ సుమారు రెండు గంటలు. ఈ రెండు దారుల్లో ఫ్రెచ్చారొస్సా, ఇటాలో అనే రెండు కంపెనీల రైళ్లు పోటీపడి నడుస్తాయి కాబట్టి రెండింటి ధరలూ చూడండి. టికెట్లు సాధారణంగా మూడు నాలుగు నెలల ముందు తెరుచుకుంటాయి, రోజులు దగ్గరపడేకొద్దీ పెరుగుతాయి. ఏటా డిసెంబర్ మధ్యలో టైమ్‌టేబుల్ మారుతుంది. ఆ తర్వాతి తేదీలకి టికెట్లు ఆలస్యంగా వస్తాయి, టెన్షన్ పడొద్దు.

స్టేషన్ పేర్ల దగ్గర జాగ్రత్త. సైట్లలో ఫ్లోరెన్స్ 'ఫిరెంజె' అని, లూసర్న్ 'లుజెర్న్' అని ఉంటాయి. ఊరికి ఒక్క స్టేషనే ఉండదు:

- రోమ్: టెర్మినీ
- ఫ్లోరెన్స్: శాంతా మరియా నొవెల్లా (రిఫ్రెది, కాంపో ది మార్తె కాదు)
- మిలాన్: చెంత్రాలె
- ప్యారిస్: గార్ ద లియోన్

ఫ్లోరెన్స్-మిలాన్ ఒక టికెట్, మిలాన్ నుంచి లూసర్న్ వైపు ఇంకో టికెట్ అవుతాయి. మొదటిది లేటైతే రెండోదానికి ఎవరూ పూచీ పడరు. అందుకే మిలాన్‌లో కనీసం గంట వ్యవధి పెట్టుకోండి. రైలును బట్టి ఆర్త్-గోల్డౌలో మారాల్సి రావచ్చు. అక్కడ పది నిమిషాల వ్యవధి చూసి కంగారుపడక్కర్లేదు, స్విస్ రైళ్లు ఆ పద్ధతిలోనే నడుస్తాయి.

స్విట్జర్లాండ్‌లో ఒక లెక్క చూడండి. స్విస్ ట్రావెల్ పాస్ కనీసం 3 రోజులకి ఉంటుంది, వరుస రోజులు. శనివారం సాయంత్రం చేరతాం కాబట్టి పాస్ ఆదివారం మొదలుపెట్టండి. ఆది, సోమ లూసర్న్ సరస్సు మీద పడవలు, రిగి కొండ రైలు అన్నీ పాస్‌లోనే వస్తాయి. మూడో రోజు మంగళవారం లూసర్న్ నుంచి బాసెల్ దాకా రైలు కూడా దాంట్లోనే. విడిగా కొనాల్సింది బాసెల్-ప్యారిస్ హైస్పీడ్ టికెట్ ఒక్కటే, మూడు గంటల ప్రయాణం. 6 నుంచి 15 ఏళ్ల పిల్లలు పాస్ ఉన్న అమ్మానాన్నలతో వెళ్తుంటే స్విస్ ఫ్యామిలీ కార్డ్ అడగండి, వాళ్లకి ఉచితం.

స్టేషన్‌లో చేసే తప్పులు:

- 'పార్తెంజె' అంటే బయల్దేరేవి, 'అర్రివీ' అంటే వచ్చేవి. తప్పు బోర్డు చూసి తప్పు ప్లాట్‌ఫామ్‌కి పరిగెత్తేవాళ్లు రోజూ కనిపిస్తారు.
- 'బినారియో' అంటే ప్లాట్‌ఫామ్. ఇటలీలో ఇది చివరి పది పదిహేను నిమిషాల్లోనే పడుతుంది. ముందే కనిపించలేదని గాబరా పడకండి.
- ఫ్లోరెన్స్ నుంచి పీసా, లుక్కా వెళ్లే రీజినల్ రైళ్లలో కాగితం టికెట్‌ని ఎక్కేముందు ప్లాట్‌ఫామ్ దగ్గరి మెషీన్‌లో ముద్ర వేయించాలి. ఆన్‌లైన్‌లో కొంటే ఫోన్‌లో చెక్-ఇన్ నొక్కాలి. మర్చిపోతే ఫైన్.
- ఫ్రెంచ్ హైస్పీడ్ రైలు టీజీవీ తలుపులు బయల్దేరే టైమ్‌కి 2 నిమిషాల ముందే మూసేస్తారు.

5. కారు బుకింగ్: అసలు శ్రద్ధ ఇక్కడే పెట్టాలి

కారు ఎన్ని రోజులు? బుధవారం ఉదయం 10:30కి తీసుకుని శనివారం 10కి ఇచ్చేయాలి. అద్దె 24 గంటల లెక్క. గంట ఆలస్యమైనా ఇంకో రోజు అద్దె పడొచ్చు.

ఎక్కడ తీసుకోవాలి? ఫ్లోరెన్స్ నగరం లోపల కాదు, ఎయిర్‌పోర్ట్‌లో. స్టేషన్ దగ్గర నుంచి టీ2 ట్రామ్ సుమారు ఇరవై నిమిషాల్లో ఎయిర్‌పోర్ట్‌కి చేరుస్తుంది. నగరంలోని ఆఫీసులు మధ్యాహ్నం భోజనాలకి, ఆదివారాలు మూసేసే అవకాశం ఉంది. పైగా అక్కడి నుంచి బయటపడాలంటే కార్లకి నిషేధమున్న వీధుల మధ్య దారి వెతుక్కోవాలి. ఎయిర్‌పోర్ట్ నుంచైతే సియెనా రోడ్డు ఎక్కేయొచ్చు. ఆ రోడ్డుకి టోల్ కూడా లేదు.

ఎక్కడ ఇవ్వాలి? తీసుకున్న దేశంలోనే. ఇటలీలో తీసుకుని స్విట్జర్లాండ్‌లో ఇస్తామంటే వేసే వన్‌వే చార్జీ ఒక్కోసారి అద్దెనే మించిపోతుంది.

బుక్ చేసే ముందు ఇవి చూసుకోండి:

- ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్: ఇటలీలో మన లైసెన్స్‌తో పాటు ఇది తప్పనిసరి. మీ ఆర్టీఏ ఆఫీసు నుంచి తీసుకోవాలి, గరిష్ఠంగా ఏడాది చెల్లుతుంది. ఒరిజినల్ లైసెన్స్ కూడా వెంట ఉండాలి, రెండింట్లో ఏ ఒక్కటీ విడిగా చెల్లదు.
- క్రెడిట్ కార్డ్: నడిపేవాళ్ల పేరు మీద ఉండాలి. భార్య పేరున కారు బుక్ చేసి భర్త కార్డ్ ఇస్తే కౌంటర్‌లో ఒప్పుకోరు. డిపాజిట్‌కి డెబిట్, ఫారెక్స్ కార్డులు చాలాచోట్ల తీసుకోరు. ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసి, లిమిట్ సరిపోతుందో చూసుకోండి.
- గేర్లు: ఆటోమేటిక్ కార్లు తక్కువ, ముందే అయిపోతాయి. మాన్యువల్ అయితే గేర్ కుడిచేత్తో వేయాలి. కొత్త రోడ్డు, కొత్త వైపు, ఆపై గేర్ కూడా అంటే కష్టం. ఖర్చు కాస్త ఎక్కువైనా ఆటోమేటిక్ తీసుకోండి.
- డిక్కీ: నలుగురు ఎక్కే కారు అంటే నలుగురి పెట్టెలు పట్టే కారు అని కాదు. మామూలు హ్యాచ్‌బ్యాక్‌లో రెండు పెద్ద పెట్టెలే పడతాయి.
- పిల్లల సీటు: ఇటలీలో 150 సెంటీమీటర్ల కన్నా పొట్టిగా ఉన్న పిల్లలకి తప్పనిసరి. బుకింగ్‌లోనే అడగండి.
- ఇన్సూరెన్స్: మామూలు కవరేజీలో కూడా ఏదైనా దెబ్బ తగిలితే కొంత మొత్తం మీరే భరించాలి. టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం తరచూ అందులో ఉండవు. ఆ షరతులు ఇంట్లో కూర్చుని చదివి, ఫుల్ కవర్ కావాలో వద్దో తేల్చుకుని వెళ్లండి. కౌంటర్ ముందు, పిల్లలు ఏడుస్తుంటే, ఎవరైనా సంతకం పెట్టేస్తారు.

6. తాళం చేతికొచ్చాక మొదటి పావుగంట

మా మొదటి ట్రిప్‌లో చక్రం రిమ్ మీద గీతకి డబ్బు పట్టుకున్నారు. అది మేం తీసుకునేసరికే ఉందని చెప్పడానికి మా దగ్గర ఒక్క ఫోటో కూడా లేదు. అప్పటి నుంచి ఈ పద్ధతి పాటిస్తున్నాం:

- కారు చుట్టూ తిరుగుతూ ఒకే వీడియో. నాలుగు రిమ్ములు, బంపర్ల కింది అంచులు, అద్దాలు, పైకప్పు.
- ఇంధనం ముల్లు, కిలోమీటర్ల రీడింగ్ ఫోటో.
- అగ్రిమెంట్ కాగితంలో లేని గీత కనిపిస్తే కదలకముందే రాయించుకోవాలి.
- పెట్రోలా, డీజిలా అనేది మూత దగ్గర చూసుకోవాలి. 'బెంజీనా' అంటే పెట్రోల్, 'గజోలియో' అంటే డీజిల్. గుండ్రటి గుర్తు పెట్రోల్‌ది, చదరం గుర్తు డీజిల్‌ది.

తర్వాత పార్కింగ్‌లోనే రెండు చుట్లు తిప్పండి. మన కార్లలో ఇండికేటర్ కుడివైపు ఉంటుంది, అక్కడ ఎడమవైపు. మొదటి గంటలో మలుపు వచ్చినప్పుడల్లా ఎండలో వైపర్లు తిరుగుతుంటాయి. అది అలవాటయ్యేదాకా మెయిన్ రోడ్డు ఎక్కకండి.

7. రోడ్డు మీద

కుడిపక్క నడపడం ట్రాఫిక్‌లో కష్టం కాదు, ముందు కారు వెనకే వెళ్తాం. ప్రమాదం ఎక్కడంటే, పొద్దున్నే పెట్రోల్ బంక్ నుంచో ఇంటి ముందు మట్టిదారి నుంచో ఖాళీ రోడ్డు మీదకి వచ్చినప్పుడు. చెయ్యి దానంతటదే ఎడమకి తిప్పేస్తుంది. పక్క సీట్లో వాళ్లకి ఒకటే పని ఇవ్వండి: బయల్దేరిన ప్రతిసారీ "కుడివైపు" అని పైకి అనాలి. చిన్న విషయంలా ఉంటుంది కానీ మమ్మల్ని రెండుసార్లు కాపాడింది.

ఇక జెడ్‌టీఎల్. ఇటలీ పాత పట్టణాల లోపలికి బయటి కార్లు రాకుండా పెట్టిన నిషేధ ప్రాంతం ఇది. తెల్లటి గుండ్రటి బోర్డు, చుట్టూ ఎర్రటి అంచు, పక్కనే కెమెరా. గేటు ఉండదు, ఆపేవాళ్లు ఉండరు, నంబర్ ప్లేట్ ఫోటో పడిపోతుంది. కొన్నిచోట్ల వెలిగే అక్షరాల బోర్డు ఉంటుంది. దాని మీద 'వార్కో అత్తీవో' అని కనబడితే దారి తెరిచి ఉందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నిషేధం అమల్లో ఉందని. 'నోన్ అత్తీవో' అంటేనే వెళ్లొచ్చు. ఫోన్‌లో మ్యాప్ చెప్పిందని లోపలికి పోకండి, మ్యాప్‌కి ఇది ప్రతిసారీ తెలియదు.

సులువైన ఉపాయం ఒకటుంది. గమ్యంగా ఊరి పేరు కొట్టొద్దు, పార్కింగ్ పేరు కొట్టండి. శాన్ జిమిన్యానోకి వెళ్తే జుబిలేయో పార్కింగ్, సియెనాకి వెళ్తే శాంతా కతెరీనా పార్కింగ్. అక్కడ దిగి నడవండి. పార్కింగ్ గీతలు నీలంగా ఉంటే డబ్బు కట్టాలి, తెల్లగా ఉంటే ఉచితం (పక్కన బోర్డులో సమయ పరిమితి ఉందేమో చూడండి), పసుపు మనకి కాదు.

మిగతావి టూకీగా:

- వేగం: మోటార్‌వే మీద 130, వానలో 110, మామూలు రోడ్డు మీద 90, ఊళ్లో 50.
- ఊరి బయట పగలైనా హెడ్‌లైట్లు వేయాలి.
- టోల్ గేట్‌లో పసుపు రంగు 'టెలిపాస్' (మన ఫాస్టాగ్ లాంటిది) లేన్‌లోకి వెళ్లొద్దు. కార్డుకి నీలం లేన్, నగదుకి తెల్ల లేన్.
- పెట్రోల్ బంక్‌లో 'సెల్ఫ్' చౌక, 'సెర్వీతో' ఖరీదు. ముందే కార్డ్ పెట్టే మెషీన్ పెద్ద మొత్తం బ్లాక్ చేస్తుంది, తర్వాత వదిలేస్తుంది.
- కార్డ్ మెషీన్ యూరోలా, రూపాయలా అని అడిగితే యూరోలే నొక్కండి. రూపాయలైతే మారకం రేటులో నష్టపోతాం.

8. సామాను, తిండి

మనిషికి ఒక మధ్యస్థం పెట్టె, ఒక వీపు సంచి. రైల్లోకి మెట్లు ఎక్కించి, పైకి ఎత్తి పెట్టేది మీరే, కూలీలు దొరకరు.

పచ్చళ్లు, కారప్పొడులు గట్టిగా సీలు వేసి చెక్-ఇన్ పెట్టెలో పెట్టండి. నెయ్యి, పాలకోవా లాంటి పాల పదార్థాలు, మాంసం కలిసినవి ఏవీ యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లకూడదు. పచ్చి కరివేపాకు కూడా వద్దు. అమ్మ ఎంత ప్రేమగా కట్టి ఇచ్చినా ఇంట్లోనే వదిలేయండి.

లూసర్న్‌కి శనివారం రాత్రి చేరతాం కదా. ఆదివారం స్విట్జర్లాండ్‌లో సూపర్ మార్కెట్లు దాదాపు అన్నీ మూసి ఉంటాయి. స్టేషన్లలోని షాపులు తెరిచే ఉంటాయి. పిల్లలకి పాలు, బ్రెడ్ అక్కడే కొనుక్కోండి.

9. అనుకున్నట్టు జరగకపోతే

రైల్వే సమ్మె: ఇటలీలో దీన్ని 'షోపెరో' అంటారు, ముందే ప్రకటిస్తారు. బయల్దేరే వారంలో ఒకసారి ఆ మాటతో వెతకండి. పనిదినాల్లో ఉదయం 6-9, సాయంత్రం 6-9 మధ్య కొన్ని రీజినల్ రైళ్లు తప్పక నడుపుతారు. హైస్పీడ్‌లో నడిచే రైళ్ల జాబితా కూడా ఇస్తారు.

కారు ఇవ్వడం ఆలస్యమైతే: దారిలో ఉండగానే ఆఫీసుకి ఫోన్ చేయండి. ఆ రోజు రైలుకి, కారు ఇచ్చే టైమ్‌కి మధ్య కనీసం రెండున్నర గంటలు ఉంచుకోమని చెప్పేది ఇందుకే.

చిన్న యాక్సిడెంట్: గీతే అయినా ఫోటోలు, అవతలి కారు నంబర్ తీసుకుని, అద్దె కంపెనీకి అప్పుడే ఫోన్ చేయండి. వాళ్లు ఇచ్చే ఫారం నింపకపోతే ఇన్సూరెన్స్ రాకపోవచ్చు.

10. కారు ఇచ్చాక, ఇంటికొచ్చాక

ట్యాంక్ నింపి, ఆ రసీదు ఉంచుకోండి. పార్కింగ్‌లో మళ్లీ వీడియో తీయండి. సిబ్బంది ఉంటే "దెబ్బలేమీ లేవు" అని కాగితం మీద రాయించుకోండి.

అగ్రిమెంట్, వీడియోలు ఏడాది దాకా చెరపొద్దు. ఇటలీ పోలీసులు విదేశాల్లో ఉండేవాళ్లకి 360 రోజుల్లోపు ఫైన్ నోటీసు పంపొచ్చు. ముందుగా అద్దె కంపెనీ మీ వివరాలు పోలీసులకి ఇచ్చినందుకు కార్డ్ మీద చిన్న మొత్తం పట్టుకుంటుంది. అది ఫైన్ కాదు, అసలు ఫైన్ తర్వాత వస్తుంది. నోటీసు అందిన 5 రోజుల్లో కట్టేస్తే చాలావాటికి 30 శాతం తగ్గింపు ఉంటుంది. కాబట్టి ఇటలీ స్టాంపుతో కవరొస్తే ఆ రోజే తెరిచి చూడండి.